బార్నబీ తల్లిగారి సఫారీ

నైరోబీ,
మే 11

మామయ్యకు,

చదువుకునే రోజుల నుంచి ఒక ప్రశ్న మోస్తున్నాను. సింహం ఎవరిది? మన మందలో పడి ఆవును తిన్న పూట అది ఎవరిదీ కాదు. ఎవరి దగ్గరికి పోయి మొరపెట్టుకున్నా "అడవి మృగం, దానికేం తెలుసు" అంటారు. అదే సింహం మీద మనవాడొకడు ఈటె ఎత్తాడా, తెల్లారేసరికి అది దేశం మొత్తానికి సొంతమైపోతుంది. విశ్వవిద్యాలయంలో ఒకసారి ఈ మాట అడిగితే మా ఆచార్యుడు "చాలా మంచి ప్రశ్న" అని మెచ్చుకుని వేరే పాఠంలోకి వెళ్లిపోయాడు. మంచి ప్రశ్నలకు అక్కడ జరిగే మర్యాద అదే.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా కంపెనీకి ఇంగ్లండు నుంచి ఎడిత్ పార్మిటర్ అనే ఆవిడ రాసింది. వలస మందలు నది దాటే ఆగస్టులో మన మసాయి మారాకు వస్తుందట. సఫారీ ఏర్పాట్లన్నీ నాకే అప్పగించారు. ఏనుగులు, చిరుతలు, బెలూను ఎక్కడాలు ఏవీ అడగలేదు ఆవిడ. ఒకే ఒక్క సింహాన్ని చూపిస్తే చాలంది. మీరంతా చిరుగుచెవి అంటారే, అదే. విరాళాలు పోగుచేసే ఒక సంస్థ వాళ్లు దానికి బార్నబీ అని పేరు పెట్టారు. పేరు కోసం ఎక్కడెక్కడివాళ్లో ఓట్లు వేశారట. ఎన్నికలు జరిగిన సంగతి మన ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఈవిడ ఆ బార్నబీని దత్తత తీసుకుంది. పత్రం కూడా ఇచ్చారు. నవ్వుకుంటావని నకలు జతచేస్తున్నాను.

ఒక పూట మన ఇళ్లు కూడా చూపించాలి. చెప్పడానికి నాకు నోరు రావడం లేదు గాని, మా మేనేజరు రాయమన్నాడు. ఎర్ర దుప్పటి కప్పుకోవాలి. చేతి గడియారం తీసెయ్యాలి. నీళ్ల కోసం వాడే పసుపు డబ్బాలు కంటబడకూడదు. నీ ఫుట్‌బాల్ చొక్కా అసలే వద్దు. "మా మామయ్య నిజమైన మసాయే కదండీ" అన్నాను. "నిజమే, చూడ్డానికి అలా ఉండడు" అన్నాడు.

డ్రైవరు న్జోగు వ్యానులో ఉత్తరం పంపుతున్నాను. ఫోను చెయ్యమని అడగను. మీకు సిగ్నలు దొరికేది ఆ గుట్ట మీదే. పగలంతా ఆ గుట్ట మీద పడుకునేది చిరుగుచెవే.

నీ మేనకోడలు
నాసియెకు


తలెక్ ఏటి ఇవతల,
మే 19

నాసియెకూ,

పిల్లలు కులాసాయేనా, పశువులు కులాసాయేనా అని అడగకుండానే ఉత్తరం మొదలుపెట్టావు. అది కూడా మీ మేనేజరే తీసెయ్యమన్నాడా? అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. పిల్లలు కులాసా. పశువులు కావు. నాదో అని పిలుచుకునే ఆవు పోయింది. ఎర్రావు. మీ అమ్మమ్మ మంద నుంచి వచ్చిన సంతతిలో చివరిది. మీ అత్తయ్య పక్కన కూచుని పాట ఎత్తుకుంటే గాని పాలు చేపేది కాదు. ముళ్లకంచె దూకి వచ్చి ఈడ్చుకుపోయాడు. నీ బార్నబీయే.

పరిహారం అడుగుదామని అడవి రిజర్వు కచేరీకి వెళ్లాను. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడే. కుర్చీ వేశాడు.

"తిన్నది సింహమేనా తాతా? హైనా కాదు కదా?"

"సింహమే. అడుగులున్నాయి."

"తింటుండగా తీసిన ఫోటో ఏమైనా ఉందా?"

"ఆ పూట నాకు తీరుబడి లేదు నాయనా."

ఇంటికొచ్చేసరికి మందలకు కాపలా కాసే మన మొరాన్ కుర్రకారు ఈటెలు సాన పట్టుకుంటూ కూచున్నారు. ముప్ఫై ఏళ్లు బడిపంతులుగా చేసినవాణ్ణి గదా, చట్టం గురించి రెండు ముక్కలు చెప్పాను. బడిలో ఎలా విన్నారో ఇప్పుడూ అలాగే విన్నారు. సరిగ్గా అప్పుడు న్జోగు నీ ఉత్తరం తెచ్చాడు. తుమ్మచెట్టు కింద పెద్దల ముందు నీ పత్రం బిగ్గరగా చదివి, మన భాషలో చెప్పాను. ముసలి ఓలె కైగిల్ కునుకు ఆపి కళ్లు తెరిచాడు.

"అయితే ఈ దొంగకు తల్లి ఉందన్నమాట."

"ఉంది. ఇంగ్లండులో."

"బతికే ఉందా?"

"ఆగస్టులో వస్తోంది."

"అయితే ఈటెలు దించండిరా. తల్లి ఉన్నవాణ్ణి తల్లినడక్కుండా పొడుస్తారా? ఏం పెంపకం మీది!"

నీకు తెలియనిది కాదు. మనలో పిల్లాడు ఎవడైనా ఒకరి పశువుకు హాని చేస్తే కన్నవాళ్లో పెంచుకున్నవాళ్లో పెద్దల ముందుకు వచ్చి జవాబు చెప్పాలి. ఇంతకాలం సింహాలకు ఎవరూ లేరని ఈటెలతో మాట్లాడాం. నీ ప్రశ్నకు జవాబు నువ్వే పంపావు, చూసుకోలేదు. సింహం పార్మిటర్ గారిది. ఆవిణ్ణి త్వరగా తీసుకురా. ఆవిడ వచ్చేదాకా వాడి జోలికి పోమని కుర్రాళ్లు మాటిచ్చారు. ఆవిడ రాకపోతే మాత్రం ఆ మాట చెల్లదట.

మీ అమ్మకు అన్న
పార్మెరెస్


నైరోబీ,
మే 28

మామయ్యా,

పిల్లలు కులాసాయేనా, పశువులు కులాసాయేనా? నాదో పోయిందని చదివి ఆఫీసులోనే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. పక్క బల్ల అమ్మాయి "ఎవరైనా పోయారా?" అంది. అవునన్నాను. ఆవు అని చెప్పలేదు. చెప్పుంటే ఆ పిల్ల ఓదార్పు ఆపేసేది.

కాని దత్తత విషయం నువ్వు అపార్థం చేసుకున్నావు. లేదా అర్థమయ్యే ఇలా రాశావు. నీ విషయంలో ఈ రెండింటికీ తేడా ఎప్పుడూ తేల్చుకోలేను. వాళ్ల దత్తత మన దత్తత కాదు మామయ్యా. అది విరాళానికి పెట్టుకున్న ముద్దుపేరు. ఆవిడకు ఒక పత్రం, దూదితో చేసిన సింహం బొమ్మ, నెలకో ఉత్తరం వస్తాయి. ఉత్తరం బార్నబీయే రాసినట్టుగా ఉంటుంది. అంతకుమించి బాధ్యతలేమీ ఉండవు.

ఇంకో చిక్కు వచ్చిపడింది. పెద్దలు ఆవిడతో కూచుని మాట్లాడాలనుకుంటున్నారని మేనేజరుతో పొరపాటున అన్నాను. ఆయన ఎగిరి గంతేశాడు. "పెద్దల సభ! ఇంతవరకు ఎవరూ పెట్టలేదు" అని కార్యక్రమంలో వేసి ఆవిడకు పంపేశాడు. ఆవిడ ఎంతో సంతోషంగా జవాబు రాసింది. ఆ రోజుకు ఏం కట్టుకుని రావాలని అడిగింది. ఇది నిజమైన పంచాయితీ అని ఆయనకు చెప్పడమా మానడమా తెలియడం లేదు. పంచాయితీ కాదని కుర్రాళ్లకు చెబితే ఈటెలు లేస్తాయి. ప్రస్తుతానికి ఇద్దరికీ ఏమీ చెప్పడం లేదు. నా చదువు ఇంతకే పనికొస్తోంది.

నాసియెకు


తలెక్ ఏటి ఇవతల,
జూన్ 9

నాసియెకూ,

సింహం ఉత్తరాలు రాస్తోందని పెద్దలకు చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. పట్నంలో ఎవరెవరో ఏవేవో రాస్తుంటారని వాళ్లకు తెలుసు. ఓలె కైగిల్ ఒకటే అడిగాడు. "మొన్నటి ఉత్తరంలో నాదో సంగతి రాశాడా?" కనుక్కుని చెప్పు. దాచాడంటే తల్లి దగ్గర అబద్ధమాడినట్టు. అదింకో తప్పు.

ఇక్కడో విశేషం. చిరుగుచెవి కాలికి ముల్లో ఏదో గుచ్చుకుంది. బెలూనులో పోయేవాళ్లెవరో వాడు కుంటడం చూసి ఫోన్లు చేశారు. మధ్యాహ్నానికల్లా హెలికాప్టరులో డాక్టరు దిగాడు. మత్తిచ్చి, ముల్లు తీసి, కట్టుకట్టి, వాడి తల నిమిరి, ఫోటో దిగి వెళ్లాడు. అదే రోజు ఓలె కైగిల్ కోడలికి నొప్పులొచ్చాయి. పిల్ల అడ్డం తిరిగింది. ఆసుపత్రికి మోటారుసైకిలు మీద మధ్యలో కూచోబెట్టి తీసుకెళ్లారు. తల్లీపిల్లా ఇద్దరూ క్షేమం. ఆ ముసలాడు హెలికాప్టరు కేసి చూస్తూ ఏమన్నాడో తెలుసా? "మా కోడల్ని కూడా ఎవరైనా దత్తత తీసుకుంటారేమో అడగవోయ్."

విరాళానికి ముద్దుపేరు అన్నావు. బాధ్యత లేని తల్లితనం ఉంటుందని నాకు నువ్వే మొదటిసారి చెప్పావు. అలాగని ఆ మాట పెద్దలకు చేరవెయ్యలేదు. కుర్రాళ్లు వింటారు.

మీ మేనేజరుకు నా షరతులు. పసుపు డబ్బాలు దాచం, నీళ్లు దేంతో తెచ్చుకుంటాం? గడియారం తియ్యను. సభకు ఆలస్యంగా వచ్చేది ఎప్పుడూ గడియారం లేనివాళ్లే. ఫుట్‌బాల్ చొక్కా విషయం మీ అత్తయ్యతో తేల్చుకోమను, ఆవిడకూ నచ్చదు.

పార్మెరెస్


నైరోబీ,
జూలై 2

మామయ్యా,

పిల్లలు, పశువులు, ఓలె కైగిల్ కోడలు, అందరూ కులాసా అనుకుంటాను.

బార్నబీ మే నెల ఉత్తరం సంపాదించాను. "ఈ నెల వాన బాగా కురిసింది. తమ్ముళ్లతో ఆడుకున్నాను. మంచి విందు కూడా దొరికింది" అని ఉంది. విందు. చదువుతుంటే మీ అత్తయ్య పాట వినబడిందని రాస్తే నవ్వుతావేమో. నీ భార్యను "మీ అత్తయ్య" అని నువ్వు రాసీ రాసీ నాకూ అదే అలవాటైంది.

మేనేజరు సభకు ఎలాంటి ఏర్పాట్లు చేయిస్తున్నాడో చూడు. పెద్దలు కాస్త కోపంగా మాట్లాడాలట, మరీ కోపంగా వద్దట. సూర్యాస్తమయపు పానీయాల వేళకు రాజీ కుదరాలట. "కుదరకపోతే?" అన్నాను. "కుదరకపోవడం కార్యక్రమంలో లేదు" అన్నాడు.

నేనొక పని చేశాను. మంచిదో కాదో తెలియదు. పార్మిటర్ గారు మళ్లీ రాసింది. "సభలో మావాడి గురించి పెద్దలు ఏం చెబుతారు?" అని. మావాడు అనే రాసింది. ఆ ఒక్క మాట దగ్గర నా అబద్ధం ఆగిపోయింది. నాదో సంగతంతా రాసేశాను. రంగు, సంతతి, పాట, ముళ్లకంచె, ఎదురుచూస్తున్న ఈటెలు, అన్నీ. ఆ తరువాత ఆవిడ నుంచి జవాబు లేదు. మేనేజరు రోజూ అడుగుతున్నాడు. ఆవిడ రాకపోతే నా ఉద్యోగం సంగతి అటుంచు, కుర్రాళ్ల మాట ఎప్పటిదాకానో నాకు గుర్తుంది. వాణ్ణి కాపాడదామని నిజం చెప్పి, ఆ నిజంతోనే చంపించానేమో.

నాసియెకు


తలెక్ ఏటి ఇవతల,
ఆగస్టు 14

నాసియెకూ,

నిన్ను నైరోబీలోనే ఉంచేసి మీ మేనేజరు ఒక్కడే ఆవిణ్ణి తీసుకొచ్చాడు కాబట్టి సభ సంగతి నేనే రాయాలి. ఆయన రాసేది నమ్మకు. ఆయన సగం సేపు గొడుగులు సర్దుతూనే ఉన్నాడు.

పార్మిటర్ గారు పొట్టి మనిషి. నా వయసే ఉంటుంది. నల్ల గౌను వేసుకుంది. ముక్కాలిపీట వేస్తే కూచోలేదు. "తప్పు చేసినవాడి తరఫు మనిషిని, నిలబడతాను" అంది. నేను తర్జుమా చేశాను. 

ఓలె కైగిల్ మొదలెట్టాడు. "అమ్మా, ఆ పిల్లాణ్ణి నువ్వు పెంచుకున్నావా?"

"పెంచుకున్నానని కాగితం మీద ఉంది. పెంచింది లేదు. ఇవాళ పొద్దున్నే మొదటిసారి చూశాను. నిద్రపోతున్నాడు."

"చూస్తే ఏమనిపించింది?"

"భయమేసింది."

పెద్దలకు ఆ జవాబు నచ్చింది. ఆ తరువాత ఆవిడే ఎదురు అడిగింది, నాదో గురించి చెప్పమని. మీ అత్తయ్య చెప్పింది. చెప్పలేక చివరికి పాటే పాడింది. ఆ వ్యానులో వచ్చిన మిగతా జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఒకాయన మీ మేనేజరును "ఇదంతా నిజమేనా, రోజూ ఆడతారా?" అని గుసగుసగా అడిగాడు. మీవాడు "రెండూ" అన్నాడు.

అప్పుడు పార్మిటర్ గారు అంది: "నాకు పిల్లలు లేరు. బొమ్మొస్తుందని చేరాను. ఆ నెల ఉత్తరంలో విందు అని చదివి నవ్వుకున్నాను కూడా. అది ఈవిడ ఆవు. వాడి తప్పు నా తప్పే. మీ పద్ధతి ఏమిటో చెప్పండి, చేస్తాను."

పోయిన పశువుకు బదులు పశువును తప్పు కింద కట్టాలని పద్ధతి చెప్పాం. శుక్రవారం సంతలో ఆవిడే ఎర్ర పెయ్యను ఎంచుకుంది. ఎంపిక బాగాలేదు, వెనక కాళ్లు కొంచెం వంకర, అయినా మేమెవరం వద్దనలేదు. తాడు పట్టుకుని ఇంటిదాకా నడిచింది. పెయ్యే ఆవిణ్ణి నడిపించిందనాలి. ఇక ఒకరి పశువు ఒకరి మందలో చేరాక మనం పేర్లతో పిలుచుకోం గదా. ఆవిడ నాకు పకితెంగ్, నేను ఆవిడకు పకితెంగ్. వ్యానెక్కుతూ కూడా "వస్తాను పకితెంగ్" అని అరిచింది. మీ అత్తయ్య మూడు రోజులు నన్ను ఏడిపించింది, "నీ దొరసాని పకితెంగ్ మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని.

కుర్రాళ్లు ఈటెలు ఇంట్లో పెట్టారు. పెయ్యకు పార్మిటర్ అనే పేరు పెట్టాను. నీ ప్రశ్న తీరిందా?

పార్మెరెస్


తలెక్ ఏటి ఇవతల,
సెప్టెంబరు 3

నాసియెకూ,

ఈసారి కబుర్లు లేవు. చిరుగుచెవి మళ్లీ వచ్చాడు. మంద అంతా ఉండగా ఎర్ర పెయ్యనే పట్టుకున్నాడు. తల్లి కట్టిన తప్పును కొడుకు తినేశాడు. సగం తిని వాగు పక్కన వదిలి పోయాడు. మిగతాదానికి మళ్లీ వస్తాడు.

పెద్దలు రెండుగా చీలారు. ఓలె కైగిల్ అంటాడు: "తల్లి ఇంటి పశువులు కొడుక్కే చెందుతాయి. అది మన పద్ధతి. వాడు తిన్నది వాడి తల్లి పశువునే. తప్పెక్కడుంది?" నేనన్నాను, తప్పు కింద ఇచ్చాక అది నాదే గదా అని. ముసలాడు నన్ను ఎగాదిగా చూశాడు. "నీదైతే ఆవిడ పేరెందుకు పెట్టావు?"  నా వేళాకోళం నా మెడకే చుట్టుకుంది.

రెండో పక్షం కుర్రాళ్లది, వాళ్ల తండ్రులది. వాళ్లకు ఈ తర్కాలు అక్కర్లేదు. ఆవిడ వెళ్లిపోయింది, వాడు ఇక్కడే ఉన్నాడు. రేపు ఎవరి ఆవో. ఈటెలు మళ్లీ బయటికొచ్చాయి. అది పోనీ, వాళ్లలో ఒకడు సంతలో పురుగుమందు కొన్నాడు. మిగిలిన మాంసం మీద చల్లడానికని.

చివరికి అందరూ ఒక మాట మీదికి వచ్చారు. ఆ పత్రం పంపినది నువ్వు. మన పద్ధతులూ వాళ్ల చదువూ రెండూ తెలిసింది నీకే. ఆ దత్తత నిజమైనదా, ఉత్త కాగితమా నువ్వు చెప్పాలి. నిజమైనదైతే వాడు తల్లి సొత్తు తిన్నాడు, వదిలేస్తారు. కాగితమే అయితే వాడు తల్లీతండ్రీ లేని దొంగ, పొడుస్తారు. నువ్వు రాసినట్టే నడుచుకుంటామన్నారు. న్జోగు వచ్చేదాకా వాగు దగ్గర నేను కూచుంటాను. ఆ మందు ఎవరినీ చల్లనివ్వను. వయసు మీద పడినవాణ్ణి, ఎక్కువ ఆలస్యం చెయ్యకు.

పార్మెరెస్


నైరోబీ,
సెప్టెంబరు 5

మామయ్యా,

నీ ఉత్తరం చదివి రెండు జవాబులు రాశాను. రెండూ చించేశాను.

మొదటిదాంట్లో దత్తత నిజమైనదే అని రాశాను. ఆవిడ పెద్దల ముందు నిలబడి వాడి తప్పు నా తప్పే అంది. మన పద్ధతి అడిగి పాటించింది. మన మనుషుల్లోనే అంతమాత్రం చెయ్యనివాళ్లు ఎందరు లేరు? ముద్దుపేరనుకున్న దానికి ఆవిడే ప్రాణం పోసింది. ఇలా రాస్తూ రాస్తూ వాడు ఈసారి పడేది మగదిక్కు లేని ఏ ఇంటి మందలోనో అనుకున్నాను. ఆ ఇల్లాలికి పకితెంగ్‌లు ఇంగ్లండులో ఉండరు. చించేశాను.

రెండోదాంట్లో ఉత్త కాగితమే అని రాశాను. మే నెలలో నీకు చెప్పింది అదే గదా. నలభై దాటినదాన్ని, ఒకే మాట మీద నిలబడదామనుకున్నాను. ఈ లోగా పార్మిటర్ గారి నుంచి చిన్న చీటీ వచ్చింది. పెయ్య చూడి కట్టిందా, మావాడు బుద్ధిగా ఉన్నాడా అని అడిగింది. దాన్నీ చించేశాను. అంటే నా ఉత్తరాన్ని. ఆవిడ చీటీని కాదు.

మేనేజరును అడిగాను. అడగకుండా ఉండాల్సింది. "నిజమైనదే అని రాయండి, వచ్చే సీజను అయ్యేదాకా" అన్నాడు. ఆ మాటకు ఒళ్లు మండి, వెంటనే కాగితమే అని రాయబోయాను. ఒకరి మీద కోపంతో ఒక ప్రాణిని పొడిపించడం తీర్పు అనిపించుకోదు కదా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ పురుగుమందు లాక్కుని పారెయ్యి. నువ్వే లాక్కో, నా పేరు చెప్పి లాక్కో. దానికి రాబందులు, కుక్కలు, పిల్లలు అనే తేడా ఉండదు. అంతవరకు నేను చెప్పగలను.

ఈటెల సంగతి చెప్పలేను. ఆవిడ వాడి తప్పును తన తప్పుగా ఒప్పుకున్న మాట నిజం. ఆ సంగతి వాడికి తెలియదన్నదీ నిజం. నువ్వు వాగు పక్కన కూచుని నా జవాబు కోసం చూస్తున్నావని తెలుసు, పెద్దలు నన్ను నమ్మి అడిగారనీ తెలుసు. రాత్రంతా ఆలోచించాను, ఇంకో రాత్రి ఇచ్చినా ఇంతకంటే ముందుకు వెళ్లగలనని అనుకోను. న్జోగు కింద హారను కొడుతున్నాడు. వాడు ఎవరివాడో నేను తేల్చలేదు మామయ్యా. తేల్చలేదనే రాసి పంపుతున్నాను.

నాసియెకు